కోడికూతవాళ్ళ కోడలు

ఆ వీధిలో లాండ్రీవాళ్ళిల్లు ఎక్కడని అడిగితే మనుషులు ఒక్క క్షణం ఆలోచిస్తారు. కోడికూతవాళ్ళిల్లు అంటే మాత్రం చంకలో పిల్లాడు కూడా వేలు చూపిస్తాడు. కోడి ఇంకా రెక్క విదల్చకముందే ఆ ఇంటి కింది అంతస్తులో దీపాలు వెలుగుతాయి. బాయిలర్ గుర్రుమంటుంది. పెద్దాసుపత్రి దుప్పట్లు యంత్రాల గుండ్రటి అద్దాల వెనక సుళ్ళు తిరుగుతుంటాయి. ఊరు లేచి పళ్ళు తోముకునే వేళకి ఆ దుప్పట్లు ఆరి, ఇస్త్రీ అయి, మడత మీద మడత పడి బండెక్కేసి ఉంటాయి. సాయంత్రం సంగతి ఇందుకు తలకిందులు. పొద్దు వాలిందంటే చాలు, ఆ ఇంటి మనుషులు ఎక్కడివాళ్ళక్కడే ఒరిగిపోతారు. దొంగలొచ్చి ఇంటిని ఎత్తుకుపోయినా, తెల్లవారుజామున వీధిలో లేచి కూర్చుని, "గోడలేవిరా?" అని అడగాల్సిందే.

పెందలాడే లేవడం ఆ ఇంట్లో అలవాటు కాదు, పరువు. అత్తగారి పుట్టింటి పరువు. లాండ్రీ కూడా ఆవిడ తండ్రిదే. "మా నాన్న లేచాడని తెలిస్తే సూర్యుడికి సిగ్గేసేది," అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆవిడ అలాగే లేస్తుంది. ఆవిడ తమ్ముడూ అంతే. ఇద్దరు కొడుకులూ అంతే. మామగారు ఇల్లరికం వచ్చిన మనిషి. వచ్చిన మర్నాటినుంచే అత్తవారి వేళకి లేవడం నేర్చేసుకున్నాడని ఆవిడ ఆయన్ని మెచ్చుకుంటుంది. ఆయన మెచ్చుకోలు విన్నప్పుడల్లా తువ్వాలుతో మొహం తుడుచుకుంటాడు తప్ప మాట్లాడడు. అసలు ఆయన మాట్లాడగా విన్నవాళ్ళే తక్కువ.

ఆ ఇంట్లో మచ్చ అంటూ ఉంటే అది చిన్నకోడలు. సాయంత్రమైతే ఆ అమ్మాయికి ఎక్కడలేని హుషారూ వస్తుంది. తెల్లవారుజామున లేపితే మాత్రం తల తడిసిన దుప్పటిలా బరువుగా ఉంటుంది. లేస్తుంది, పని చేస్తుంది, కానీ దిండుగలీబు మడతపెట్టమంటే చేతిలో పట్టుకుని అదేమిటా అన్నట్టు చూస్తుంది. "గుడ్లగూబని తెచ్చుకున్నాం," అని అత్తగారు ఎదుటే అనేస్తుంది. ఆవిడ దాచుకునే మనిషి కాదు.

తనని అంటే కోడలు పడేది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించి పెళ్ళిదాకా ఇంట్లో కూర్చోబెట్టినప్పటి నుంచీ పడడం ఆమెకు వచ్చిన విద్యే. కానీ ఇప్పుడు అత్తగారి కన్ను ఆమె కూతురి మీద పడింది.

పిల్లకి ఐదేళ్ళు. పిచ్చుక అని ముద్దుపేరు. ఈ ఏడే బళ్ళో వేశారు. అది తల్లి పోలిక. ఇల్లంతా గుర్రు పెడుతుంటే చీకట్లో కళ్ళు ఇంతింత చేసుకుని కప్పుతో కబుర్లు చెబుతుంది. ఎప్పటికో నిద్రపోతుంది. నిద్ర పట్టిన కాసేపటికే నానమ్మ వచ్చి, "మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అంటూ చంకనేసుకుని కిందికి తీసుకుపోతుంది. చన్నీళ్ళతో మొహం కడిగి మడతబల్ల పక్కన కూర్చోబెట్టి గలీబులు జతచేయిస్తుంది. బళ్ళో పిల్ల బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోతోందని టీచరమ్మ రెండుసార్లు పిలిచి చెప్పింది. "ఒంట్లో బాగుండదా? ఓసారి చూపించకూడదూ?" అంది.

అంతలో ఇంకోటి జరిగింది. ఒక తెల్లవారుజామున పిల్ల మడతబల్ల దగ్గర కనిపించలేదు. కోడలు యంత్రాల సందుల్లో వెతికింది, గుమ్మం బయట వెతికింది. పెద్దబావగారు ఆరిన దుప్పట్ల తోపుడుబండి మీదికి ఇంకో పెద్ద మూట ఎత్తి విసరబోతున్నాడు. ఆ బండిలో, వేడివేడి దుప్పట్ల మధ్య, చిన్న పాదం ఒకటి కనిపించింది. కోడలు పెట్టిన కేకకి బావగారు మూటని తన కాళ్ళ మీదే పడేసుకున్నాడు. పిల్ల మాత్రం లేవలేదు. అంత నిద్రలో ఉంది.

తర్వాత అందరూ నవ్వారు. "వెచ్చగా చోటు చూసుకుంది దొంగమొహంది," అన్నాడు చినమామ, అంటే అత్తగారి తమ్ముడు. కోడలికి మాత్రం నవ్వు రాలేదు.

"అత్తయ్యా, రేపట్నించి పిల్లని లేపొద్దు," అంది.

"లేపకపోతే నీలా తయారవుద్ది."

"నిద్ర చాలట్లేదు దానికి."

"పెందలాడే పడుకోబెట్టు, చాలుద్ది."

"పడుకోబెడుతూనే ఉన్నా. నిద్ర రావట్లేదు."

"నిద్ర రాకపోవడమేంటే, బస్సా? కళ్ళు మూస్తే అదే వస్తుంది."

భర్తకి చెప్పుకుందామంటే అదో తంటా. అతను మెలకువగా ఉండే వేళకి ఆమెకి మాట పెగలదు. ఆమెకి మాట పెగిలే వేళకి అతను మంచానికి అడ్డంగా పడి ఉంటాడు. ఆ సాయంత్రం పట్టుబట్టి కుదిపితే, "అమ్మ చెప్పిందంటే ఏదో..." అని ఆ ఏదో ఏమిటో చెప్పకుండానే నిద్రపోయాడు.

అలాంటి రోజుల్లో పెద్దాసుపత్రినుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆసుపత్రిలో ఆవిడ రోగుల్ని చూడదు. మనిషి ఒంట్లోని గడియారం మీద పరిశోధన చేస్తుంది. తెల్లవారుజామున పని ముగించుకుని ఆసుపత్రి వెనక గుమ్మంలోంచి కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చేసరికి, ఎదురుగా అత్తగారు దుప్పట్ల బండి తోసుకుంటూ అప్పుడే కోసిన పువ్వులా వస్తోందట. రోజూ అదే వేళకి, అదే హుషారుతో. "ఎప్పుడు పడుకుంటారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. "దీపం పెట్టే వేళకి." "ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా?" "మా వంశమే అంత!" అని అత్తగారు రొమ్ము విరిచింది. ఆ మాటతో డాక్టరమ్మ ఆ మధ్యాహ్నమే చెప్పులు విడిచి ఆ ఇంటి పైఅంతస్తులో కూర్చుంది. సాయంత్రానికల్లా వీధిలో ఆవిడ పేరు గడియారాలమ్మ అయిపోయింది.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక గడియారం ఉంటుందండీ," అని మొదలుపెట్టిందావిడ. "మీ కింద ఉన్న ఉతుకుతొట్టి లాంటిదనుకోండి. అందులో ఒక పదార్థం నిండుతూ ఉంటుంది. నిండాక తన కుళాయి తనే కట్టేసుకుంటుంది. అడుగున చిల్లుంటుంది, దాంట్లోంచి మెల్లగా కారిపోతుంది. ఖాళీ అయ్యాక కుళాయి మళ్ళీ తెరుచుకుంటుంది. ఓసారి నిండి ఓసారి ఖాళీ అయితే ఒక రోజు. ఆ తొట్టి ఎంతుండాలో, చిల్లు ఎంతుండాలో మన జన్యువుల్లో రాసి ఉంటుంది."

"మరి మాకేమైంది?" అన్నాడు చినమామ.

"మీ వంశంలో ఎక్కడో ఒక అక్షరం మారి ఉండొచ్చు. చిల్లు కాస్త పెద్దదై ఉండొచ్చు. అందుకే మీ రోజు ముందే ముగిసి, ముందే మొదలవుతోందేమో. అది చూడాలనే వచ్చాను."

"అక్కా, మన తొట్టికి చిల్లటే!"

"నోర్ముయ్. ఆవిడ పొగుడుతోంది, అర్థం కాక చస్తున్నావు."

చీకటి పడ్డాక ఒంట్లో నిద్రకి కబురుపెట్టే రసం ఒకటి ఊరుతుందని, అది ఉమ్ములో కూడా తెలుస్తుందని, ఎవరికి ఏ వేళకి ఊరుతోందో చూస్తే ఎవరి గడియారం ఎలా నడుస్తోందో తెలిసిపోతుందని గడియారాలమ్మ చెప్పింది. ఆ ఉమ్ములోనే జన్యువులూ చదవొచ్చట. కావలసిందల్లా ఒక సాయంత్రం. మసక వెలుతురులో కూర్చోవాలి. టీలు తాగకూడదు. ఫోనులో పెట్టుకున్న అలారం మోగినప్పుడల్లా ఒక్కొక్కరూ తమ పేరున్న చిన్న ట్యూబులో ఉమ్మాలి. ఎవరి మామూలు నిద్రవేళ దాటేదాకా వాళ్ళు మెలకువగా ఉండాలి. ఆ వంశంలో పుట్టనివాళ్ళు, అంటే మామగారూ చిన్నకోడలూ కూడా కావాలి, పోల్చి చూడ్డానికి. పెద్దకోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది కాబట్టి ఆమెని వదిలేశారు.

కోడలు వంటింటి గుమ్మంలోంచి అంతా వింది. ఒక అడుగు ముందుకేసి అడిగింది. "మా పాపకి కూడా చూస్తారాండీ?"

"చిన్నపిల్లల్ని ఇందులో తీసుకోమమ్మా. పెద్దయ్యాక తన ఇష్టప్రకారం తను చెప్పాలి."

కోడలి ఆశ అక్కడితో ఆరిపోయింది. ఆవిడ నోటివెంట, ఈ పిల్ల సోమరి కాదు అని ఒక్క మాట వస్తే చాలుననుకుంది. ఆ మాట రాదన్నమాట.

ట్యూబుల పెట్టె ఇచ్చి గడియారాలమ్మ వెళ్ళిపోయింది. ఉమ్ము పట్టవలసిన రోజు కోడలు పిల్లని బడినుంచి తీసుకుని వచ్చేసరికి ట్యూబులన్నీ నిండి, మూతలు బిగించి, ఫ్రిజ్జులో బారులు తీరి ఉన్నాయి. ఇంకా ఎండ గోడ దిగలేదు.

"అప్పుడే ఎలా అయిపోయిందత్తయ్యా? సాయంత్రం కదా చెయ్యమంది?"

"అయిపోయింది. ఆ ఫ్రిజ్జు తలుపెయ్యి, చల్లదనం పోతోంది," అంది అత్తగారు. ఆ తర్వాత కోడలు ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

కొన్ని వారాలకి గడియారాలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి కింది అంతస్తులోనే, మడతబల్ల దగ్గరే నిలబడింది. నవ్వాపుకుంటోందో కోపమాపుకుంటోందో తెలియని మొహం.

"అమ్మా, మా పరీక్షల ప్రకారం ఈ ఇంట్లో ఉన్నది ఒక్కరే. అదీ ఆడమనిషి."

అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"మీ పెద్దబ్బాయీ ఆవిడే. మీ చిన్నబ్బాయీ ఆవిడే. మీ తమ్ముడుగారూ, మీ ఆయనా, మీ కోడలూ అందరూ ఆవిడే. ఆ ఆవిడకి సాయంత్రమంతా నిద్రరసం చుక్క కూడా ఊరలేదు. ఎందుకంటే అది సాయంత్రం కాదు."

చినమామ గడ్డం గీరుకున్నాడు. "అక్కా, నీకు అంత ఉమ్మెక్కడిదే?"

అత్తగారు తొణకలేదు. "నేనే ఉమ్మాను, అయితే ఏంటి? దీపాలు పెట్టాక మెలకువగా ఉండి ఉమ్మమన్నారు. మెలకువగా ఉంటే ఇంక మేం కోడికూతవాళ్ళమెలా అవుతాం? పరీక్షలో తప్పామని రాసుకుపోరూ మీరు? నా తమ్ముడిదీ నాదీ ఒక రక్తం. నా కొడుకులు నా కడుపున పుట్టినవాళ్ళు. ఎవరు ఉమ్మితే ఏంటంట?"

"మరి మీ ఆయన?"

"ఆయన పెళ్ళైన్నుంచీ నా ఎంగిలి తింటున్నాడు. వేరే ఉమ్ము ఎక్కణ్ణించి వస్తుంది?"

ఇంక గడియారాలమ్మ ఆపుకోలేకపోయింది. మడతబల్ల పట్టుకుని నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, మెత్తగానే కానీ గట్టిగా చెప్పింది. "ఇది పరీక్ష కాదమ్మా, ఇందులో తప్పడం నెగ్గడం లేదు. మీకిష్టం లేకపోతే మానేద్దాం, మీ మీద నాకేం కోపం లేదు. ఇష్టమైతే ఎవరిది వాళ్ళే ఇవ్వాలి. ఈసారి మాత్రం పెట్టె సాయంత్రం నిద్ర రానివాళ్ళకి అప్పజెబుతాను. అలాంటివాళ్ళెవరైనా ఉన్నారా ఈ ఇంట్లో?"

అన్ని తలలూ ఒక్కసారి చిన్నకోడలి వైపు తిరిగాయి. ఐదేళ్ళ పిచ్చుకని అడిగినా చెబుతుంది, ఆ ఇంట్లో ఆ మాట ఎవరి గురించో. ఎన్నాళ్ళనుంచో తిట్టుగా విన్నది పనిగా మారి చేతికొచ్చేసరికి కోడలికి మొదట భయం వేసింది. అర్థంకానివి మూడు ప్రశ్నలు అడిగింది. ట్యూబు నిండా నురగే వస్తే లెక్కకొస్తుందా? మధ్యలో నిద్రపోతే కుదిపి లేపొచ్చా? ఎవరైనా ఇంక వద్దంటే ఏం చెయ్యాలి? గడియారాలమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. చివరిదానికి, "వద్దంటే అక్కడితో ఆపెయ్యాలి. బలవంతం చేసే హక్కు నాకూ లేదు, నీకూ లేదు," అంది. ఆ మాట కోడలు మనసులో పెట్టుకుంది.

అనుకున్న రోజు పొద్దు వాలుతుండగా కోడలు పైహాల్లో పరదాలు దించేసింది. మూల చిన్న దీపం ఒకటి వదిలి మిగతావన్నీ ఆర్పేసింది. వరసగా కుర్చీలు వేసి అందర్నీ బడిపిల్లల్లా కూర్చోబెట్టింది. కాసేపటికే ఆ గది చూడముచ్చటగా తయారైంది.

చినమామ ట్యూబు పెదవికి ఆనించుకుని అలాగే నిద్రపోయాడు. పెద్దబావగారు నిద్ర ఆపుకోవడానికని పాట ఎత్తుకున్నాడు. ఆ పాట విని మిగతావాళ్ళకి మెలకువ వచ్చింది కాబట్టి ఎవరూ ఆపమనలేదు. భర్త కళ్ళు తెరుచుకునే ఉన్నాడు కానీ, "ఆ మూట కాదురా, ఈ మూట," అని ఎవరితోనో గొడవపడుతున్నాడు.

"ఏవండీ, ఉమ్మండి."

"ఎక్కడ?"

"ఇదుగో, ఇందులో. నా చేతిమీద కాదు!"

అత్తగారు మాత్రం కర్రలా నిటారుగా కూర్చుంది. కాసేపటికి ఆ కర్ర మెల్లగా ఒక పక్కకి వంగింది.

"అత్తయ్యా!"

"నేను నిద్రపోలేదు. కళ్ళకి కాస్త విశ్రాంతి ఇస్తున్నా." అని ఉమ్మి ఇచ్చి, "ఏంటే నువ్వు, పండగకి వచ్చినదాన్లా ఇంత హుషారుగా ఉన్నావు? మా గతి ఇలా చూస్తుంటే ఆనందంగా ఉందా?" అంది.

"ఆనందంగానే ఉందత్తయ్యా. పొద్దున్నే మీరు నన్ను చూస్తారు కదా, ఇలాగే."

మాట నోరు జారింది. కోడలు నాలుక కరుచుకుంది. అత్తగారు ఏదో అనబోయి, ఆవలింత అడ్డం వచ్చి అనలేకపోయింది.

ఒక్కొక్కరి వంతూ ముగిసింది. ఒక్కొక్కరే గోడ పట్టుకుని వెళ్ళి పడుకున్నారు. మిగిలింది కోడలూ, మామగారూ. కోడలు ఆయన వైపు అప్పటిదాకా సరిగ్గా చూడనేలేదు, మిగతావాళ్ళని లేపడంతోనే సరిపోయింది. ఇప్పుడు చూస్తే ఆయన కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు మిలమిలా మెరుస్తున్నాయి.

"మీ బావ పాట విన్నావా? ఆ పాట రాసినవాడు వింటే కోర్టుకెళ్ళేవాడు," అన్నాడు.

కోడలు నిర్ఘాంతపోయింది. ఆ ఇంటికి వచ్చాక ఆయన నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు. ఆయన ఆగలేదు. కుర్రతనంలో నాటకాలకి తెర లాగే పని చేసేవాణ్ణన్నాడు. తెర మధ్యలో ఇరుక్కుంటే రాజూ మంత్రీ కలిసి లాగిన సంగతి చెప్పి, రాజు కిరీటం ఊడిపడిన తీరు లేచి నటించి చూపించాడు. కోడలు నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. ఫోను మోగింది. నవ్వు ఆగాక ట్యూబు అందించింది.

ఆయన ట్యూబు తీసుకున్నాడు కానీ పెదవి దగ్గరికి తేలేదు.

"అమ్మాయ్, నాకు నిద్ర రావట్లేదు."

"తెలుస్తూనే ఉంది మామయ్యా."

"ఇవాళే కాదు. ఏ రోజూ రాదు. మీ అత్త పక్కన కళ్ళు మూసుకుని పడుకుంటా. ఎప్పటికో పడుతుంది. పట్టగానే లేపేస్తుంది. పగలు ఆరబెట్టే గది వెనక, మూటల చాటున ఓ కునుకు తీస్తా. అలా నెట్టుకొచ్చా." గొంతు తగ్గించాడు. "పుట్టినవేళ మంచిది, ఇల్లరికం కుదిరిందని అందరూ అన్నారు. వచ్చిన మర్నాడే లేవలేనంటే ఏం బాగుంటుంది? ఒకసారి లేచాక ఇంక రోజూ లేవాల్సొచ్చింది. ఈ ట్యూబులు చూస్తే ఆ డాక్టరమ్మకి తెలిసిపోతుంది. మీ అత్త మొహం నేను చూడలేను. నావి ఎక్కడో జారి పగిలిపోయాయని చెప్పవూ?"

కోడలికి ఆయన మీద జాలి వేసింది. ఆ వెనకే పిల్ల గుర్తుకొచ్చింది. ఆయన ట్యూబులు అలాగే వెళితే, ఈ ఇంట్లో సాయంత్రం నిద్ర రానివాళ్ళు తనూ పిల్లా మాత్రమే కాదని తేలిపోతుంది. ఆమెకి కావలసింది అదే. కానీ ఆయన కావాలనుకుంటే కదా.

"పగిలాయని చెప్పను మామయ్యా. ఓసారి ఈ ఇంట్లోంచి అబద్ధం వెళ్ళింది. మళ్ళీ నా చేతులమీదుగా పంపను. మీకిష్టం లేకపోతే మీ ట్యూబులు మీరు తీసేసుకోండి. మామయ్య వద్దన్నారని అంతే చెబుతా. ఎందుకని ఆవిడ అడగదు. అది మీ హక్కని ఆవిడే చెప్పింది."

ఆయన ట్యూబుల్ని ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కోడలు ఆపలేదు. ఆపకుండా ఉండడానికి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

అప్పుడు గది తలుపు కిర్రుమంది. పిచ్చుక గుమ్మంలో నిలబడి ఉంది, దిండు ఈడ్చుకుంటూ. "తాతయ్యా, రాజు కిరీటం మళ్ళీ పెట్టుకున్నాడా?" తలుపు వెనక నుంచి అంతా విన్నట్టుంది.

"ఇంకా నిద్రపోలేదా నువ్వు?"

"నిద్ర ఇంకా రాలేదు. నేను పిలుస్తూనే ఉన్నా." తాత ఒళ్ళోకెక్కబోయి ట్యూబులు చూసి ఆగింది. "కళ్ళు మూసుకుంటే నానమ్మకి పడుకున్నట్టే ఉంటుంది తాతయ్యా. అందుకని మూసుకుంటా. నీకూ చూపించనా ఎలాగో?"

ఆయన మనవరాలి నుదుటి మీది జుట్టు వెనక్కి తోశాడు. "నాకు తెలుసులేవే," అన్నాడు. ట్యూబులన్నీ మళ్ళీ పెట్టెలో సర్దాడు. చేతిలో మిగిలినదాన్ని పెదవి దగ్గర పెట్టుకుని, "తే అమ్మాయ్, మూత ఇలా తే," అన్నాడు.

ఫలితాలు వచ్చాయని గడియారాలమ్మ చెప్పిన రోజు అందరూ పైహాల్లో చేరారు. "ఎవరిది వాళ్ళకే చెబుతాను. ఒక్కొక్కరే లోపలికి రండి," అందావిడ.

"మా ఇంట్లో గుట్లు లేవు. ఇక్కడే చెప్పండి," అంది అత్తగారు.

గడియారాలమ్మ అందరి మొహాలూ చూసింది. అందరూ సరేనన్నారు. మామగారి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "చెప్పెయ్యండమ్మా," అన్నాడు.

అత్తగారికీ, తమ్ముడికీ, ఇద్దరు కొడుకులకీ ఆ అక్షరం ఒకే చోట మారి ఉందట. నిద్రరసం ఇంకా వెలుతురుండగానే ఊరడం మొదలుపెడుతోందట. ఇలాంటి కుటుంబాలు అరుదని, వీళ్ళవల్ల గడియారం గురించి తెలుసుకోవలసింది ఎంతో తెలుస్తుందని ఆవిడ చెబుతుంటే చినమామ మీసం తిప్పాడు.

అత్తగారి మొహం మాత్రం వాడింది. "అంటే నేను కష్టపడి లేవట్లేదన్నమాట. అదే లేపుతోందన్నమాట."

"లేపడం వరకే అమ్మా ఆ అక్షరం పని. ఇన్నిన్ని దుప్పట్లు ఉతకమని అందులో ఎక్కడా రాసి లేదు. నేను వెతికాను."

అత్తగారు కొంచెం తేరుకుంది. "మరి ఈయన?"

"మీవారికీ మీ కోడలికీ ఆ మార్పు లేదు. కోడలు అందరికంటే ఆలస్యంగా నిద్రపోయే మనిషి అనుకున్నాను. కాదు. మీవారు." గడియారాలమ్మ ఆయనవైపు తిరిగింది. "ఇంతకాలం ఆ వేళకి ఎలా లేచారండీ మీరు?"

అత్తగారు కుర్చీలోనే మొగుడివైపు పూర్తిగా తిరిగింది.

"నటించావా?" అంది అత్తగారు.

"పడుకోవడం నటించాను. లేవడం నిజంగానే లేచాను," అన్నాడు మామగారు.

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెబుదామనుకున్నప్పుడల్లా నువ్వు నిద్రపోయేదానివి."

చినమామ పక్కుమన్నాడు. అక్క చూసిన చూపుకి ఆ నవ్వు సగంలో మింగేశాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది కోపమో, జాలో, సిగ్గో ఆవిడకే తెలియనట్టుంది. "ఆ మూటల చాటున నిద్రపోతుంటే ఒంట్లో నలతేమో అనుకుని కషాయాలు కాచి పోశాను కదయ్యా! ఒక్కరోజైనా చేదని కూడా అనలేదు."

కోడలికి తెలుసు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని. లేచి నిలబడింది.

"అత్తయ్యా, రేపట్నించి పాపని లేపను. మీరూ లేపకండి."

"దానికి ఏ అక్షరముందో..." అని అత్తగారు గడియారాలమ్మ వైపు చూసింది.

"అది నేను చూడను, చెప్పను," అంది గడియారాలమ్మ. "అయినా పిల్లకి నిద్ర చాలుతోందా లేదా తెలుసుకోవడానికి ట్యూబులెందుకమ్మా? బళ్ళో తల వాల్చేస్తోందంటే చాలట్లేదు."

"ఏ అక్షరమున్నా సరే," అంది కోడలు. "మీలా ఉంటే అదే లేచి కిందికి వస్తుంది, మీరు వద్దన్నా వస్తుంది. నాలా ఉంటే పడుకుంటుంది. నేను పని ఎగ్గొడతానని కాదు. సాయంత్రం పూట కూడా దుప్పట్లు ఇస్తామని ఆసుపత్రివాళ్ళు ఎప్పట్నించో అడుగుతున్నారు. అప్పటికి అందరం పడుకుంటామని మీరు వద్దన్నారు. ఆ పని నాకివ్వండి. పాప నిద్రపోయేదాకా ఎలాగూ మెలకువే. పాపని పడుకోబెట్టి దిగుతాను."

"ఒక్కదానివే బాయిలర్ దగ్గరా?" అన్నాడు భర్త. పట్టపగలు కాబట్టి అతను పూర్తి మెలకువలో ఉన్నాడు.

"ఒక్కతే ఎందుకు?" అన్నాడు మామగారు. "నేను లేనూ?"

అత్తగారు మొగుడివైపు చూసింది, కోడలివైపు చూసింది. "సరే," అనలేదు. "యంత్రం మూత గట్టిగా నొక్కాలి. లేకపోతే నీళ్ళు కారతాయి," అంది.

ఆ మొదటి సాయంత్రం ఆవిడ పని చూడ్డానికని కుర్చీ వేసుకుని కూర్చుంది. తెల్లవాటిలో రంగువి కలపొద్దని ఒకసారి, ఇస్త్రీ బల్ల మీద చెయ్యి పెట్టొద్దని ఒకసారి చెప్పింది. మూడోది మొదలుపెట్టి, "ఆ మూటలు..." అని అక్కడే నిద్రపోయింది. మామా కోడలూ మాట్లాడుకోకుండా ఆవిడని కుర్చీతో సహా గోడ పక్కకి జరిపి పని చేసుకున్నారు. మామగారు ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చి ఆవిడ మీద కప్పాడు.

మర్నాడు కోడలు ఉలిక్కిపడి లేచింది. కిటికీలోంచి వెలుగు మంచం మీదికి వచ్చేసింది. ఇంత వెలుతురులో పిల్ల పక్కనుండడం ఆమెకి అలవాటు లేదు. కంగారుగా వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా, తీరుబడిగా తగిలింది. బడికి ఇంకా వేళ ఉంది.

కింద బండి ఆగిన చప్పుడైంది. ఏదో ధబ్బున పడింది. ఆ వెంటనే అత్తగారి గొంతు. గొంతు తగ్గించి అరవడం ఆవిడకి చాతకాదు, అయినా తగ్గించే అరుస్తోంది.

"మెల్లగా దించి చావండ్రా! పైన ఇద్దరు పడుకుని ఉన్నారు!"

ఇద్దరంటే పిల్లా, మామగారూ. మూడోమనిషి ఆ లెక్కలో ఇంకా చేరలేదు. చేరకపోతే పోనీ అనుకుని కోడలు దుప్పటి మెడదాకా లాక్కుని, పిల్ల వైపు తిరిగి, కళ్ళు మూసుకుంది.